తీగ లాగితే డొంకంతా: బొమ్మలకీ, గ్రాఫిక్ డిజైన్‌కీ, ధరించే కళకీ ప్రేరణ వెతుక్కునే పద్ధతి

ఏదో ఒకటి గీద్దామని కూర్చుంటారు. నాలుగు మంచి బొమ్మలు చూస్తే ఊపు వస్తుందని ఫోన్ తెరుస్తారు. గంటన్నర గడిచేసరికి అరవై బొమ్మలు సేవ్ అయి ఉంటాయి. కాగితం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు తెల్లగానే ఉంటుంది. పైగా కొత్తగా ఒక దిగులు మొదలవుతుంది: వీళ్లంతా ఇంత బాగా వేస్తుంటే ఇక నేను వేసేదేముంది?

చాలా ఏళ్లు నేనూ ఇదే చేశాను. చిక్కు ఎక్కడుందో ఆలస్యంగా తెలిసింది. పూర్తయిన పని మనకు జవాబు చూపిస్తుంది, ప్రశ్నను దాచేస్తుంది. ఆ పోస్టర్ వేసిన మనిషికి ఎన్ని రంగులు వాడే వీలుంది, దాన్ని ఎంత దూరం నుంచి చదవాలి, ఎన్ని రోజుల గడువు ఇచ్చారు, ఇవేవీ తెర మీద కనపడవు. ఎవరి ప్రశ్నలకో వచ్చిన జవాబులు పోగేసుకుంటే అవి మన ప్రశ్నకు అతకవు. అందుకే ఈ వ్యాసంలో వెతకడం గురించి ఎంత చెబుతానో, వెతికి తెచ్చుకున్నదాన్ని ఒక మాధ్యమంలోంచి ఇంకో మాధ్యమంలోకి దాటించడం గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాను. బొమ్మ, పోస్టర్, ఒంటి మీద వేసుకునే వస్తువు, ఈ మూడూ పక్కపక్క ఇళ్లు. గోడ దూకితే చాలు, సరుకు దొరుకుతుంది.

మొదటి అడుగు: ప్రశ్నతో బయల్దేరండి

"ఏదైనా అందమైనది చేయాలి" అనుకుంటే ఎటూ కదలరు. ప్రశ్న చిన్నదిగా, కాస్త విచిత్రంగా ఉండాలి. రెండే రంగులతో రాత్రిని ఎలా చూపించాలి? మనిషి నడుస్తున్నప్పుడు మాత్రమే కనిపించే నమూనా చొక్కా మీద ఎలా పెట్టాలి? అక్షరాలు తడిసినట్టు కనిపించాలంటే ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్న ఒకటి కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆ రోజు నుంచి కళ్లు వాటంతటవే వెతకడం మొదలుపెడతాయి. రాత్రిని రెండు రంగుల్లో వెతుకుతున్నవాడికి మూసిన దుకాణం షట్టర్ మీద పడ్డ వీధిదీపం వెలుగు కూడా పనికొస్తుంది. ప్రశ్న లేనివాడికి అది షట్టరే.

వారానికి ఒక ప్రశ్న చాలు. మూడు పెట్టుకుంటే ఒక్కదాని వెంటా పోరు.

రెండో అడుగు: రోజుకు పది నిమిషాల చూపు

మరకలు పడ్డ గోడలనీ, రంగురంగుల రాళ్లనీ చూస్తూ ఉండండి, వాటిలో కొండలు, నదులు, యుద్ధాలు, ముఖాలు కనిపిస్తాయి అని లియొనార్డో డావిన్చి చిత్రకారులకు సలహా ఇచ్చాడు. ఐదు వందల ఏళ్లయినా ఆ సలహా ఇంకా పనిచేస్తోంది. అయితే చూసి ఊరుకుంటే మరునాటికి మిగలదు. అందుకని ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిల్, పది నిమిషాలు. నేను పాటించే నియమాలు రెండు.

ఒకటి, వస్తువును కాకుండా దాని గుణాన్ని రాసుకోవాలి. "తుప్పు పట్టిన గేటు" అని రాస్తే అది సామాన్ల పట్టీ. "పెయింట్ అంచుల దగ్గర పొలుసులుగా లేచింది, లోపల నారింజ రంగు" అని రాస్తే అది రేపు ఒక కాలర్ అంచు కావచ్చు, ఒక అక్షరం ఒళ్లు కావచ్చు.

రెండు, ఒక నడకలో ఒకే రకం సంగతి చూడాలి. ఇవాళ అతుకులు మాత్రమే: రెండు వస్తువులు ఎక్కడ కలుస్తున్నాయి, ఎలా కలుస్తున్నాయి. కొమ్మ కాండానికి, సంచి పట్టీ సంచికి, పైపు గోడకు. రేపు అంచులు. ఎల్లుండి నీడలు. అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనపడదు.

ఫోటో తీస్తే సరిపోదా అని అడుగుతారు. తీయండి, వద్దనను. కానీ ఫోటో అన్నిటినీ సమానంగా పట్టుకుంటుంది, చెయ్యి ఎంచుకుంటుంది. నలభై సెకన్లలో గీసిన వంకర గీతలో కూడా మిమ్మల్ని ఆపినది ఏమిటో ఉంటుంది. నాకు ఫోటోలు కొలతల కోసం, గీతలు ఆలోచన కోసం.

రంగుల విషయంలో ఒక పాత ఉదాహరణ చెప్పాలి. స్కాట్లండ్ చిత్రకారుడు పాట్రిక్ సైమ్ 1814లో ఒక రంగుల పట్టిక అచ్చు వేశాడు. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ చేసిన వర్గీకరణ దానికి ఆధారం. అందులో ప్రతి రంగు ముక్క పక్కనా ఆ రంగు ఏ జంతువులో, ఏ మొక్కలో, ఏ ఖనిజంలో కనిపిస్తుందో రాసి ఉంటుంది. ప్రష్యన్ నీలం ఎదురుగా మగ బాతు రెక్క మీది మచ్చ ఉంటుంది. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో తాను చూసినవాటి రంగులు రాసుకోవడానికి ఆ పుస్తకాన్నే వెంట తీసుకెళ్లాడు. మీరూ అలాంటిది సొంతంగా కట్టుకోండి: చూసిన చోట రంగు కలిపి చిన్న చదరం పూయండి, పక్కన ఎక్కడ చూశారో రాయండి. ఏడాది తిరిగేసరికి తయారయ్యే ఆ పట్టిక ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు.

మూడో అడుగు: నచ్చినదాన్ని విప్పి చూడండి

ఒక పని నచ్చితే దాన్ని వెంటనే దాచుకోవద్దు. ముందు విప్పండి. గడియారం బాగుచేసేవాడు చేసినట్టే, ఒక్కో భాగం తీసి పక్కన పెట్టి చూడాలి.

కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి ముదురు, లేత ముద్దలు మాత్రం మిగులుతాయి. ఆ ముద్దల్ని అగ్గిపెట్టెంత చదరంలో గీయండి. తర్వాత బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగుల వల్ల నిలబడిందా, వెలుగునీడల వల్ల నిలబడిందా తెలిసిపోతుంది. రంగులు లెక్కపెట్టండి. పదిహేను ఉన్నాయనుకుంటే తరచూ నాలుగే తేలతాయి. ఆఖరున ఒక్కో భాగాన్ని వేలితో మూసి చూడండి. ఏది మూస్తే బొమ్మ కూలిపోతుందో అదే దాని దూలం.

ఉదాహరణకు, ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ 1891లో మూలాఁ రూజ్ అనే పారిస్ నృత్యశాల కోసం వేసిన పోస్టర్ తీసుకోండి. ముందు వైపు బూడిద రంగులో పొడుగాటి మనిషి, వెనక నల్లటి నీడల్లా జనం, మధ్యలో నర్తకి తెల్లటి లంగా కుచ్చులు. ఆ తెలుపును వేలితో మూసి చూడండి, పోస్టరే ఉండదు. అంత చదునైన రంగులు ఎందుకు వాడాడు? ఒక కారణం, జపాన్ చెక్కఅచ్చు చిత్రాలు అప్పటి పారిస్ చిత్రకారుల్ని ఊపేస్తున్నాయి. రెండో కారణం అచ్చు పద్ధతి: రంగుల లిథోగ్రఫీలో, అంటే రాతిపలక మీది బొమ్మను కాగితానికి ఎక్కించే అచ్చులో, సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి సిద్ధం చేయాలి. మూడోది, వీధిలో పోయేవాడు ఆగడు, నడుస్తూనే చదవాలి. ఈ మూడూ కలిస్తే ఆ బొమ్మ అలా వచ్చింది. ఇప్పుడు మీ చేతికి దొరికింది నర్తకి కాదు, "గుంపును నీడగా మార్చి ఒక్క తెలుపును మధ్యలో వదిలేయడం" అనే ఎత్తు. దాన్ని పుస్తకం అట్ట మీద వాడొచ్చు, జాకెట్ వీపు మీద వాడొచ్చు. ఎవరూ మీ మీద దొంగతనం అంటగట్టరు.

నాలుగో అడుగు: తీగ లాగండి

నచ్చిన పని వెనక్కి నడవడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. దీనికి ఖర్చు లేదు, సమయం మాత్రం తింటుంది.

పైన చెప్పిన ప్రష్యన్ నీలాన్నే పట్టుకుందాం. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో ఒక రంగుల తయారీదారు ఎరుపు చేయబోతే, కల్తీ పొటాష్ వల్ల నీలం వచ్చిందని చెబుతారు. ఆ నీలం ఓడలెక్కి జపాన్ చేరింది. 1830 ప్రాంతానికి అక్కడి అచ్చు చిత్రాల్లో విరివిగా కనపడటం మొదలైంది. అప్పటికి డెబ్భై దాటిన చిత్రకారుడు హొకుసాయ్ దానితో పెద్ద అలను వేశాడు. ఆ అలే తర్వాత ఐరోపా చిత్రకారుల గోడల మీదికి తిరిగి వెళ్లింది. ఇంకో కొమ్మ పట్టుకుంటే 1842 దగ్గర తేలతాం: శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయానోటైప్ అనే అచ్చు పద్ధతి. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే ఎండ తగిలిన చోటంతా అదే ప్రష్యన్ నీలం తయారవుతుంది, నీడ పడ్డ చోటు తెల్లగా ఉంటుంది. అన్నా అట్కిన్స్ 1843 నుంచి సముద్రపు నాచుల్ని ఇలాగే అచ్చు తీసింది. ఫోటోలతో వచ్చిన తొలి పుస్తకంగా చాలామంది దాన్నే చెబుతారు. అదే రసాయనాన్ని నూలు గుడ్డకు పూసి, మీద ఆకులు పరిచి ఎండలో పెడితే స్కార్ఫ్ తయారు. ఇంజనీర్ల బ్లూప్రింట్ కూడా ఈ కుటుంబమే.

చూశారా, ఒక రంగును పట్టుకుంటే అచ్చు చిత్రం, వృక్షశాస్త్రం, ఇంజనీరింగ్ గీతలు, గుడ్డ అన్నీ కదిలాయి. ఇప్పుడు "నీలం స్కార్ఫ్ చేస్తాను" అనడానికీ, "భవనం ప్లానులో గీతల మధ్య నాచు మొలిచినట్టుండే నీలం స్కార్ఫ్ చేస్తాను" అనడానికీ ఎంత తేడా ఉందో!

మూలాలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. గ్రాఫిక్ డిజైనర్ మిల్టన్ గ్లేజర్ 1966లో గాయకుడు బాబ్ డిలన్ కోసం వేసిన పోస్టర్‌లో నల్లటి పక్కముఖం కళాకారుడు మార్సెల్ డ్యుషాఁ చేసిన స్వీయచిత్రం నుంచి వచ్చింది. మెలికలు తిరిగే రంగుల జుట్టుకు ఇస్లామీయ చిత్రకళ ఆధారం. కింద ఉన్న అక్షరాల రూపం అతను మెక్సికో సిటీలో ఫోటో తీసుకున్న ఒక దర్జీ చేతిరాత బోర్డులోంచి పుట్టింది. మూడు చోట్ల నుంచి మూడు తీసుకుంటే నాలుగోది పుట్టింది. ఒకే చోటి నుంచి మూడూ తీసుకుంటే అది నకలు.

ఐదో అడుగు: మాధ్యమం మార్చండి

ఇక్కడ కాస్త నింపాదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

నా మొదటి స్కార్ఫ్ కథ చెబుతాను. కాగితం మీద ఒక పక్షి వేశాను. ముఖం, ముక్కు, కంటి చుట్టూ ఈకలు, అన్నీ వారం రోజులు కూర్చుని వేసిన బొమ్మ. స్కార్ఫ్ మధ్యలో అచ్చు వేయించి ఒక స్నేహితురాలికి ఇచ్చాను. ఆమె మెడకు చుట్టుకోగానే పక్షి ముఖం మడతల్లోకి పోయింది. బయటికి కనపడింది తోక, ఒక కాలు. "ఇది చేపా?" అని అడిగింది. నేను వేసింది బొమ్మ, ఆమె వేసుకున్నది గుడ్డ. ఆ రెండూ అడిగే ప్రశ్నలు వేరు.

బొమ్మను మోచేతి దూరంలో పట్టుకుని, ఎంతసేపైనా చూస్తారు. దానికి అంచు ఉంటుంది, పైన కింద ఉంటాయి. పోస్టర్‌ను వీధి అవతల నుంచి మూడు సెకన్లు చూస్తారు. ధరించేదాన్ని ఎవరూ పూర్తిగా చూడరు: ముందు నిలబడితే వీపు కనపడదు, చెయ్యి ఎత్తితే బొమ్మ సాగుతుంది, కూర్చుంటే నలుగుతుంది. పైగా వేసుకున్నవాళ్లకు అది తగులుతుంది, బరువుంటుంది, వేడి పుట్టిస్తుంది. కాబట్టి ఒక మాధ్యమంలో నచ్చింది ఇంకోదానిలోకి తెచ్చేటప్పుడు రూపాన్ని మోసుకు రాకూడదు. అది అక్కడ ఏ పని చేస్తోందో ఆ పనిని తేవాలి.

దీన్ని బాగా అర్థం చేసుకున్నవాళ్లలో చిత్రకారిణి సోనియా డెలోనే ఒకరు. 1911లో కొడుకు పుట్టినప్పుడు, చిన్నప్పుడు చూసిన పల్లె దుప్పట్లు గుర్తుపెట్టుకుని గుడ్డ ముక్కలతో ఒక బొంత కుట్టింది. ఆ ముక్కల అమరిక చూశాక ఆమె చిత్రాల దారే మారింది. 1913లో అదే ఆలోచన ఒంటి మీదికి వచ్చింది: రంగు ముక్కలు అతికి కుట్టిన గౌను వేసుకుని పారిస్‌లోని నృత్యశాలకు వెళ్లింది. బొంత నుంచి చిత్రానికి, చిత్రం నుంచి గౌనుకు ప్రయాణించింది ఒక్క సంగతే: పక్క రంగు మారితే ఈ రంగు మారినట్టు కనిపించడం. ఒంటి మీద ఉన్నప్పుడు మనిషి కదలికే ఆ పక్క రంగుల్ని మారుస్తుంది.

ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాఁ లొరాఁ 1965లో, నల్ల గీతల మధ్య రంగు గళ్లు వేసిన చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మల ఆధారంగా చేసిన గౌన్లు చూడండి. చూడటానికి పెయింటింగ్‌ను గుడ్డ మీద అచ్చొత్తినట్టుంటాయి, కానీ అచ్చు కాదు. ఉన్ని జెర్సీ ముక్కల్ని విడివిడిగా కత్తిరించి కలిపి కుట్టారు. ఒంటి వంపు కోసం గుడ్డలో చేయాల్సిన సర్దుబాట్లన్నీ నల్ల గీతల దగ్గరి కుట్లలో దాచేశారు. అందుకే వంపులున్న ఒంటి మీద కూడా గీతలు నిటారుగా నిలబడ్డాయి. అచ్చు వేసి ఉంటే మొదటి అడుగుకే వంకర పోయేవి. ఆ గౌన్లను మెచ్చుకునేవాళ్లు పెయింటింగ్ గురించి మాట్లాడతారు. నాకైతే ఆ కుట్లే అసలు కళ.

మెటీరియల్ నుంచే ఆలోచన పుట్టించేవాళ్లూ ఉన్నారు. జపాన్ ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే 1993లో తెచ్చిన ముడతల దుస్తుల్లో మామూలు క్రమం తలకిందులైంది. ముడతల గుడ్డ కొని దుస్తులు కుట్టలేదు. రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దదిగా ముందు కుట్టి, కాగితాల మధ్య పెట్టి, వేడి ప్రెస్‌లో ముడతలు వేశారు. క్రమం మార్చడం కూడా ప్రేరణే. మీరు రోజూ గీసి, తర్వాత రంగేస్తారా? ఒకరోజు ముందు రంగు పోసి, ఆ మరకల అంచులు చూసి గీయండి. అలెగ్జాండర్ కాల్డర్ గాలికి తిరిగే శిల్పాలకు ప్రసిద్ధుడు గానీ, ఇత్తడి తీగను సుత్తితో కొట్టి, వంచి వందల కొద్దీ నగలు కూడా చేశాడు. తీగ అతని చేతిలో గీత. కాగితం మీద గీసినట్టే గాలిలో గీశాడు, మెడ చుట్టూ గీశాడు.

ఇక మీ చేతికి పని. ఒక ఆకు తీసుకోండి. దాన్ని మూడు సార్లు వేయండి: అరచేతి సైజు బొమ్మగా, గది అవతల నుంచి గుర్తుపట్టే గుర్తుగా, గుడ్డ మీద పరుచుకునే నమూనాగా. మొదటిదానిలో ఈనెలు, పురుగు కొరికిన చోటు వస్తాయి. రెండోదానికి ఆ కొరికిన చోటే ఆధారం కావచ్చు, ఈనెలన్నీ పోతాయి. మూడోది అసలు చిక్కు: ఆకు కాదు ముఖ్యం, ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీ.

ఆ మూడోదానికి కత్తెరతో చేసే పాత పద్ధతి ఉంది. చదరపు కాగితం మధ్యలో, అంచులు తగలకుండా, మీ ఆకుల్ని వేయండి. కాగితాన్ని పైనుంచి కిందికి సగానికి కత్తిరించి, ఎడమ సగాన్ని కుడివైపుకు, కుడి సగాన్ని ఎడమవైపుకు మార్చి వెనక టేపు అంటించండి. ఇప్పుడు అడ్డంగా సగానికి కత్తిరించి, పైది కిందికి, కిందది పైకి మార్చి అంటించండి. బొమ్మ నాలుగు మూలలకూ పోయి మధ్యలో ఖాళీ తేలుతుంది. ఆ ఖాళీని కొత్త ఆకులతో నింపండి, అంచుల్ని మాత్రం ముట్టుకోవద్దు. ఈ చదరాన్ని ఎన్నిసార్లు పక్కపక్కన, పైనా కిందా పెట్టినా అతుకు కనపడదు. వరసలు మరీ బారులు తీరినట్టు అనిపిస్తే, రెండేసి నిలువు వరసల్లో ఒకదాన్ని సగం ఎత్తు కిందికి జరపండి, దాన్నే హాఫ్ డ్రాప్ అంటారు. కంప్యూటర్‌లో ఇదంతా రెండు నొక్కుల పని. అయినా ఒకసారి కత్తెరతో చేయండి, ఖాళీ ఎక్కడ పుడుతుందో చేతికి తెలియాలి.

ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ 1883లో చేసిన స్ట్రాబెరీ దొంగల నమూనా, ఇలా పదేపదే తిరిగొచ్చే అమరికకు (రిపీట్‌కు) పాఠం లాంటిది. తన ఇంటి తోటలో పిట్టలు పండ్లు ఎత్తుకుపోవడం చూశాడు, అది చూపు. గుడ్డనంతా నీలిమందులో ముంచి, కావలసిన చోట రంగు తీసేసి, ఎరుపు పసుపులు అద్దే కష్టమైన పద్ధతిని ఎంచుకున్నాడు, అది పని. పిట్టలు మనవీ కావచ్చు, ఎవరి తోటలోనైనా ఉంటాయి. ఆ ముదురు నేపథ్యం మాత్రం అద్దకం పద్ధతిలోంచే వచ్చింది.

ఆరో అడుగు: చేతులు కట్టేసుకోండి

ఎంపికలు ఎక్కువైతే ఆలోచన పలచబడుతుంది. ఈ వారం వృత్తాలు, సరళరేఖలు మాత్రమే అనుకోండి. మాస్కోలో 1923-24లో బట్టల అచ్చు ఫ్యాక్టరీకి పనిచేసిన వర్వరా స్తెపనోవా వృత్తలేఖిని, స్కేలుతో గీసిన నమూనాలు ఇవాళ్టికీ కొత్తగా ఉన్నాయి. లేదా కుడిచేతివాళ్లు ఎడమచేత్తో గీయండి. లేదా రబ్బరు వాడొద్దు. ఇంతకన్నా దీని గురించి చెప్పాల్సింది లేదు, చేసి చూడాల్సిందే.

ఏడో అడుగు: దాచే తీరు మార్చండి

"పూలు", "పోస్టర్లు", "నగలు" అని ఫోల్డర్లు పెట్టుకుంటే అవి గోదాములే. ఎందుకు నచ్చిందో ఆ కారణం పేరుతో పెట్టండి: "అంచు తెగినట్టున్నవి", "ఒక్క రంగు తప్పుగా ఉన్నవి", "ఖాళీయే బొమ్మ అయినవి". అప్పుడు ఒకే ఫోల్డర్‌లో ఒక సీతాకోకచిలుక, ఒక రైలు టికెట్, ఒక బ్రోచ్ పక్కపక్కన చేరతాయి, ఆ పక్కపక్కనే కొత్తది పుడుతుంది. ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయలేకపోతే దాచొద్దు. ఈ ఒక్క నియమంతో నా ఫోల్డర్లు పదో వంతుకు తగ్గాయి. ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

ఒక పని కోసం మూడ్‌బోర్డ్ (ప్రేరణ చిత్రాల్ని ఒకచోట అమర్చిన పలక) చేస్తుంటే తొమ్మిది చిత్రాలకు మించనివ్వను. వాటిలో సగమైనా మీ రంగానికి బయటివి కావాలి. టీషర్ట్ డిజైన్ కోసం తొమ్మిది టీషర్ట్‌లు పెడితే పదోది కూడా ఆ తొమ్మిదిలాగే వస్తుంది.

ఎక్కడ వెతకాలంటే, మ్యూజియంలు తెరిచిన ఆన్‌లైన్ భాండాగారాలు మొదట చూడండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000కు పైగా చిత్రాల్ని ఎవరైనా దేనికైనా వాడుకునేలా వదిలింది. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంల సంస్థ 2020లో 28 లక్షల చిత్రాలతో అదే పని చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం చిత్రాలు కుంచె జాడలు కనిపించేంత స్పష్టంగా ఉంటాయి. అక్కడ ప్రఖ్యాత చిత్రాల జోలికి పోకండి, అవి అందరూ చూసినవే. గుండీలు, తాళాలు, గోడ కాగితాల ముక్కలు, అల్లిక నమూనాల పుస్తకాలు, పడవల గీతలు చూడండి. పాత జీవశాస్త్ర చిత్రాలు మరో గని. జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ హెకెల్ వేసిన సూక్ష్మ సముద్ర జీవుల బొమ్మలు చూసి రెనే బినే అనే వాస్తుశిల్పి 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు ఏకంగా ముఖద్వారమే కట్టాడు. కంటికి కనపడని ప్రాణి అస్థిపంజరం కింద నుంచి జనం నడిచి వెళ్లారన్నమాట.

ఎనిమిదో అడుగు: ఎంతవరకు తీసుకోవచ్చు

"ముప్ఫై శాతం మారిస్తే కాపీ కాదు" అనే మాట డిజైనర్ల నోట తరచూ వినపడుతుంది. అలాంటి చట్టమేదీ లేదు, మరచిపోండి. చాలా దేశాల్లో కళాకారుడు చనిపోయాక 70 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి, కొన్ని చోట్ల ఆ గడువు వేరు. అమ్మకానికి చేస్తున్నదైతే మూలం ఎప్పటిదో, దాన్ని వాడుకునే హక్కు ఉందో లేదో చూసుకోవాల్సిందే.

చట్టానికి అందని విషయం ఇంకొకటి ఉంది. కొన్ని నమూనాలు ఒక సముదాయానివి. పుట్టుకనో, చావునో, కులదైవాన్నో చెప్పే గుర్తులు కావచ్చు. పాతవి కాబట్టి కాపీరైటు ఉండకపోవచ్చు, అంతమాత్రాన బీచ్ తువ్వాలు మీద వేయొచ్చని కాదు. అర్థం తెలియని గుర్తును వాడొద్దు. తెలిసి వాడాలనుకుంటే ఆ పని చేసేవాళ్లతో కలిసి చేయండి, డబ్బూ పేరూ వాళ్లకు ఇవ్వండి.

నేను వాడే పరీక్ష తేలికైనది. మూలాన్ని, నా పనిని పక్కపక్కన గోడకు అంటించి, గదిలోకి వచ్చినవాళ్లను ఏమీ చెప్పకుండా చూడనిస్తాను. "ఇది దాని కాపీనా?" అంటే చింపేస్తాను. "ఈ రెండూ ఎందుకు పక్కన పెట్టావు?" అంటే పని కొనసాగుతుంది.

తొమ్మిదో అడుగు: చిన్న చదరాల నుంచి ఒంటి మీదికి

పేరుకున్నదంతా చేతిలోకి రావాలి కదా. ఒక కాగితం మీద అగ్గిపెట్టెంత చదరాలు ఇరవై గీయండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. మొదటి ఐదారూ ఎక్కడో చూసినవే వస్తాయి, కంగారు పడకండి, అవి బయటికి పోవాలి. పది దాటాక విసుగు పుడుతుంది, ఏదో ఒకటి గీసేస్తారు. పదమూడు, పద్నాలుగు దగ్గర మీరు గీసిందని మీరే నమ్మనిది ఒకటి వస్తుంది. దానికి చుట్టూ సున్నా చుట్టండి.

ధరించేదైతే చదరం దగ్గర ఆగొద్దు. డిజైన్‌ను అసలు కొలతలో మామూలు కాగితం మీద ప్రింటు తీసి, పాత చొక్కాకు గుండుసూదులతో గుచ్చి, ఎవరికైనా తొడిగించండి. నడవమనండి, కూర్చోమనండి, చెయ్యెత్తమనండి, ఒక్కో భంగిమలో ఫోటో తీయండి. ఛాతీ మీద అక్షరాలు పెడితే ఏ అక్షరం మడతలో పోయి మాట అర్థం మారుతుందో ముందే తెలుస్తుంది. ఇలాంటి ప్రమాదాలు నవ్వు పుట్టిస్తాయి, అచ్చు వేశాక పుట్టిస్తే ఖరీదైన నవ్వు. నగ అయితే అట్టముక్కతో చేసి ఒక రోజంతా వేసుకు తిరగండి. జుట్టులో చిక్కుకుంటోందా, తల తిప్పితే మెడకు గుచ్చుకుంటోందా, బరువుకు ముందుకు వాలుతోందా? ఫ్రెంచ్ నగల కళాకారుడు రెనే లాలీక్ 1897-98 ప్రాంతంలో చేసిన తూనీగ స్త్రీ ఆభరణం అంత పెద్దదైనా రెక్కలకు కీళ్లు పెట్టాడు. కదిలే ఒంటి మీద కదలని రెక్క నిలవదని ఆ పనివాడికి తెలుసు.

ఏమీ తోచని రోజులు

ఉంటాయి. ఆ రోజుల్లో కొత్తవి వెతకను. కుంచెలు కడుగుతాను, పాత ఫైళ్లకు పేర్లు సరిచేస్తాను, రంగుల పట్టికలో ఎండిపోయిన చదరాలు తిరిగి పూస్తాను. చేతికి పని ఉంటే తల తనంతట తాను తిరుగుతుంది. లేకపోతే రెండేళ్ల కిందటి స్కెచ్‌బుక్ తీస్తాను. అప్పుడు వదిలేసిన గీతలు ఇప్పుడు వేరేవాళ్లవిలా కనిపిస్తాయి. వేరేవాళ్ల పని నుంచి తీసుకోవడం ఎలాగో మనకు తెలిసిందే.

అలాంటి ఒక రోజే అలమారలోంచి ఆ పక్షి స్కార్ఫ్ బయటికి వచ్చింది. స్నేహితురాలు దాన్ని ఎప్పుడో తిరిగి ఇచ్చేసింది. ఈసారి దాన్ని పరిచి చూడలేదు. నా మెడకే చుట్టుకుని అద్దం ముందు నిలబడి, బయటికి కనపడుతున్న చోట్ల చుట్టూ సుద్దతో గీతలు గీశాను. విప్పితే గుడ్డ మీద ఐదు దీవులు తేలాయి, ఒకటి మూలన, రెండు అంచు వెంబడి, మిగతావి ఒకదానికొకటి సంబంధం లేనంత దూరంలో. కొత్త స్కార్ఫ్‌లో ఆ ఐదు చోట్లా ఐదు ఈకలే వేశాను. మధ్యలో పక్షి లేదు. చుట్టుకున్నప్పుడు మాత్రం మెడ చుట్టూ రెక్క ముడుచుకుని ఒకటి కూర్చున్నట్టు ఉంటుంది. చూసి ఆమె, "ఈసారి చేప కాదు" అంది.